కాపలాదారు కథలో చిన్నబోయిన నవాహో సంకేతం

జాన్ వూ దర్శకత్వంలో 2002లో వచ్చిన ‘విండ్‌టాకర్స్’ను మొదటిసారి చూసినప్పుడు నేను దానిని కేవలం ఒక యుద్ధచిత్రంగానే చూశాను. రెండో ప్రపంచయుద్ధంలో తమ భాష ఆధారంగా అల్లిన సంకేతంలో అమెరికా సేనకు రహస్య సందేశాలు పంపిన నవాహో ఆదివాసీలను కోడ్ టాకర్లు అంటారు. ఈ మధ్య వారి చరిత్రను కొంత చదివిన తరువాత మళ్ళీ చూస్తే, నా చూపు కథానాయకుడైన నికొలస్ కేజ్ మీద కాక, సందేశాలు పంపే నవాహో యువకుడిగా నటించిన ఆడమ్ బీచ్ మీదనే నిలిచిపోయింది. కథను చివరిదాకా ప్రస్తావిస్తున్నాను కనుక, ఇంకా చూడనివారు చిత్రం చూశాకే ఇది చదవడం మంచిది.

పసిఫిక్ సముద్రంలోని సాలమన్ దీవుల పోరులో ఆజ్ఞను తు.చ. తప్పక పాటించి తన దళాన్నంతటినీ పోగొట్టుకున్న అమెరికా మెరైన్ దళ సైనికుడు జో ఎండర్స్ (కేజ్ పాత్ర). చెవి దెబ్బతిన్నా వినికిడి పరీక్షను ఎలాగో గట్టెక్కి మళ్ళీ యుద్ధానికి వచ్చిన అతనికి, బెన్ యాజీ (బీచ్ పాత్ర) అనే కోడ్ టాకర్‌ను కాపాడే పని అప్పగిస్తారు. అయితే కాపాడవలసింది మనిషిని కాదు, సంకేతాన్ని. శత్రువు చేతికి చిక్కే పరిస్థితి వస్తే యాజీని తానే చంపవలసి ఉంటుందని ఎండర్స్‌కు తెలుసు, యాజీకి తెలియదు. 1944 జూన్‌లో జపాన్ అధీనంలోని సైపాన్ దీవిలో మొదలైన పోరాటమంతా ఈ రహస్యం వారిద్దరి మధ్య గోడలా నిలబడుతుంది.

చరిత్రలో అటువంటి ఆదేశమేదీ లేదని మెరైన్ దళం చెప్పింది. కొందరు కోడ్ టాకర్లకు అంగరక్షకులు ఉన్నమాట నిజమే కానీ, అందుకు ముఖ్యకారణం వేరు. వారి ముఖకవళికలు చూసి జపాన్ సైనికులనుకొని సొంత సేనవారే తుపాకులు ఎక్కుపెట్టిన సందర్భాలు ఉన్నాయి. ఈ సంగతి చిత్రంలోనూ ఉంది. అమెరికన్ ఫిరంగులు పొరపాటున తమవారి మీదనే గుండ్లు కురిపిస్తున్నప్పుడు, యాజీ జపాన్ సైనికుడి దుస్తులు వేసుకొని, ఎండర్స్‌ను బందీగా నడిపించుకుంటూ శత్రువుల రేడియో దాకా వెళ్ళి ఆ కాల్పులను ఆపిస్తాడు. తనను అవమానించినవారి ముందు అంతవరకూ మౌనంగా ఉన్నవాడు, ఏ పోలికను చూపి వారు ఎగతాళి చేశారో దానితోనే వారి ప్రాణాలు కాపాడడం నన్ను బలంగా కదిలించింది.

నా అసంతృప్తి అంతా సంకేతం విషయంలోనే ఉంది. నవాహోల మధ్య పెరిగిన ఫిలిప్ జాన్‌స్టన్ సూచనతో 1942లో మెరైన్ దళం 29 మంది నవాహో యువకులను చేర్చుకున్నది. ఈ సంకేతాన్ని రూపొందించినవారు వారే. చిత్రం చూసినవారికి ఇది కేవలం నవాహో భాషలో మాట్లాడుకోవడమే అనిపించవచ్చు కానీ, నిజానికి అందులో రెండు పొరలున్నాయి: ఒకటి నవాహో భాష, రెండోది ఆ భాషలోని మాటలకు వారు పెట్టుకున్న రహస్య అర్థాలు. ఒక ఆంగ్ల పదాన్ని అక్షరాలుగా విడదీసి పంపవలసి వస్తే, ‘ఎ’ అనే అక్షరానికి చీమ, ఆపిల్, గొడ్డలి అనే మూడింటిలో ఏదో ఒకదాని నవాహో పేరు పలుకుతారు. ఎందుకంటే ఆ మూడింటి ఆంగ్ల పదాలూ ‘ఎ’తోనే మొదలవుతాయి. ఒకే అక్షరానికి ఒకే మాట పదే పదే వినబడితే శత్రువు పసిగట్టగలడు కనుక ఇలా మార్చి మార్చి వాడేవారు. తరచుగా అవసరమయ్యే సైనిక పదాలకు విడిగా పేర్లు పెట్టుకున్నారు: యుద్ధ ట్యాంకు తాబేలు, జలాంతర్గామి ఇనుప చేప, బాంబులు గుడ్లు, గ్రెనేడ్ బంగాళాదుంప. అమెరికాకు వారు పెట్టిన పేరు ‘మన తల్లి’. ఇదంతా కాగితం చూడకుండా, గుండ్ల మోతలో, కంఠస్థం నుంచే నడవాలి.

ఆ రెండో పొర ఎంత గట్టిదో చెప్పడానికి జో కియూమియా అనుభవం ఒక్కటి చాలు. ఫిలిప్పీన్స్‌లో జపాన్ సేనకు చిక్కిన ఈ నవాహో సైనికుడిని, సందేశాలకు అర్థం చెప్పమని చిత్రహింసలు పెట్టారు. సంకేతంలో శిక్షణ లేని అతనికి తన మాతృభాషలోని మాటలే పొంతన లేకుండా వినిపించాయి. అంటే, మనిషి పట్టుబడ్డా సంకేతం వెంటనే బయటపడేది కాదు.

ఈ భాష పలికినందుకే బడిలో సబ్బుతో నోళ్ళు కడిగిన ప్రభుత్వం, యుద్ధం వచ్చేసరికి అదే భాషను అడిగింది. 1945లో జపాన్ దీవి ఇవో జిమా మీద జరిగిన పోరాటంలో తొలి రెండు రోజులు ఆరుగురు కోడ్ టాకర్లు నిద్ర మాని 800కు పైగా సందేశాలను ఒక్క తప్పు లేకుండా నడిపారు. ఆ ఏకాగ్రతను వెండితెర మీద చూపడానికి పేలుళ్ళు అక్కరలేదు, ఒక ముఖమూ ఒక గొంతూ చాలు. జాన్ వూ మాత్రం మంటలను, ఎగిరిపడే శరీరాలను, ఎండర్స్ అపరాధభావాన్ని ఎంచుకున్నాడు.

నిశ్శబ్దంగా ఉన్నచోట్ల చిత్రం బాగుంది. మరో కోడ్ టాకర్ చార్లీ వైట్‌హార్స్ పిల్లనగ్రోవికి అతని కాపలాదారు హెండర్సన్ మౌత్ ఆర్గాన్ జతకలిపే ఘట్టం నాకు అన్నిటికంటే ఇష్టం. వైట్‌హార్స్ పాత్ర వేసిన రోజర్ విల్లీ స్వయంగా నవాహో. తరువాత బందీ కాబోతున్న వైట్‌హార్స్ మీదికి ఎండర్స్ గ్రెనేడ్ విసిరినప్పుడు ఆ పిల్లనగ్రోవి నాకు గుర్తుకు వచ్చి, చిత్రాన్ని కాసేపు ఆపవలసి వచ్చింది.

చివరి ఘట్టంలో యాజీ ఇంటికి తిరిగివచ్చి, ఎత్తైన రాతికొండ మీద కూర్చొని, తనను కాపాడి చనిపోయిన ఎండర్స్‌ను మిత్రుడిగా గుర్తుంచుకోమని చిన్న కొడుక్కి చెబుతాడు. అంతవరకూ అతను చెప్పగలడు. సంకేతాన్ని గురించి మాత్రం చెప్పడానికి వీలు లేదు. ప్రభుత్వం దానిని రహస్యాల జాబితా నుంచి తొలగించింది 1968లో, తొలి 29 మందికి అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ పేరిట స్వర్ణపతకాలు ఇచ్చింది 2001 జూలైలో. అప్పటికి వారిలో ఐదుగురే బ్రతికి ఉన్నారు. తండ్రి పక్కన కూర్చున్న ఆ పసివాడు, తన తండ్రి యుద్ధంలో ఏం చేశాడో వినడానికి ఇరవై ఏళ్ళకు పైగా ఆగవలసి వచ్చేది.