వీ-క్రాస్‌లో ఎయిర్ కంప్రెసర్ బిగించిన అనుభవం

డ్రిప్ పైపులు, ఫిల్టర్లు, మోటారు సామాను రైతుల పొలాలకు చేర్చి, అక్కడే బిగించి రావడం నా పని. మాది అనంతపురం. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల వైపు తిరిగినవాళ్లకు వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు తెలిసే ఉంటాయి. గాలికి ఆ ఇసుక లేచి పొలాల్లోకి, బండిబాటల్లోకి కొట్టుకొస్తుంది. నిన్న గట్టిగా ఉన్న బాట ఇవాళ చక్రాన్ని మింగేస్తుంది. ఉరవకొండ వైపు నల్లరేగడి ఇంకో రకం పరీక్ష పెడుతుంది. నా బండి ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్ పికప్, మన శ్రీసిటీలో తయారైనదే. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది, టైర్లు 245/75 ఆర్16 ఆల్ టెరైన్. అన్నీ ఉన్నా, టైర్లలో 35 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలితో ఆ ఇసుకలోకి దిగితే లాభం లేదు. 18కి దించితే టైరు నేలమీద పొడవుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోటుకు పంచుకుంటుంది, బండి తేలినట్టు వెళ్లిపోతుంది.

గాలి దించడం తేలికే, మళ్లీ పట్టించడమే కష్టం. తక్కువ గాలితో, పైగా లోడుతో, తారు రోడ్డు మీద వేగంగా వెళ్తే టైరు పక్కగోడలు అదేపనిగా వంగుతూ వేడెక్కుతాయి. మా దగ్గర ఏప్రిల్, మే ఎండల్లో అది టైరు పేలేదాకా తీసుకెళ్తుంది. పంక్చర్ షాపు ఉన్న ఊరు చేరేదాకా ఓపిగ్గా 30 కిలోమీటర్ల వేగంతో పాకుతూ రావాలి. ఈ టెన్షన్ వద్దనుకునే బండిలోనే కంప్రెసర్ బిగించుకోవాలని నిర్ణయించుకున్నాను.

కొనేటప్పుడు అందరూ చూపించే అంకె 150 పీఎస్ఐ, 180 పీఎస్ఐ అని గరిష్ఠ ఒత్తిడి. మన టైరుకు కావలసింది 35. ఆ పెద్ద అంకెతో మనకు పని లేదు. చూడాల్సింది, టైరులో ఉండే ఒత్తిడి దగ్గర నిమిషానికి ఎంత గాలి ఇస్తుందన్నది. ఏఆర్‌బీ అనే ఆస్ట్రేలియా కంపెనీ తన కంప్రెసర్లకు 0 దగ్గర ఎంత, 29 పీఎస్ఐ దగ్గర ఎంత అని విడివిడిగా రాస్తుంది. ఒక మోటారున్న మోడల్ 0 దగ్గర 2.18 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు), 29 దగ్గర 1.65. రెండు మోటార్లున్న ట్విన్ 0 దగ్గర 6.16, 29 దగ్గర 4.65. ఒత్తిడి పెరిగేకొద్దీ గాలి తగ్గడం ఏ కంప్రెసర్‌కైనా తప్పదు. చవక కంప్రెసర్ల డబ్బా మీద మాత్రం మొదటి అంకె ఒక్కటే ఉంటుంది.

లెక్క నేనే వేసుకున్నాను. నా టైరులో పట్టే చోటు సుమారు 60 లీటర్లు. 18 నుంచి 34 పీఎస్ఐకి ఎక్కించాలంటే బయటి గాలి దాదాపు 65 లీటర్లు లోపలికి నెట్టాలి. 1.65 సీఎఫ్ఎం అంటే నిమిషానికి 47 లీటర్ల దాకా. అంటే సింగిల్ మోటారుతో టైరుకు నిమిషంన్నర, ట్విన్‌తో అర నిమిషం. ఒక్క బండికైతే సింగిల్ చాలు, ఇది నమ్మకంగా చెబుతాను. ట్విన్ తీసుకోవడానికి నా కారణం వేరు. డ్యూటీ సైకిల్ అంటే ఆపకుండా ఎంతసేపు నడవగలదన్న లెక్క. 29 పీఎస్ఐ దగ్గర సింగిల్‌కు అది 50 శాతం, అంటే సగం సేపు నడిస్తే సగం సేపు చల్లారనివ్వాలి. ట్విన్‌కు 100 శాతం. పొలం దగ్గర బండి ఆపి గాలి పట్టిస్తుంటే "అన్నా, ట్రాలీ టైరుకు కూడా కాస్త పట్టీ" అని ట్రాక్టర్ వస్తుంది, వెనకే రెండు బైకులు వస్తాయి. రైతుతోనే నా బతుకు. మోటారు చల్లారాలి, ఆగమని వాళ్లను ఎండలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

ఎక్కడ బిగించాలన్నదే ఎక్కువ ఆలోచన పెట్టించింది. మామూలుగా అందరూ బానెట్ కిందే పెడతారు. బ్యాటరీ పక్కనే ఉంటుంది, తీగ పొట్టిది సరిపోతుంది. కానీ గాలిని నొక్కితే వేడి పుట్టడం సహజం, ఆ వేడిని కంప్రెసర్ ఎప్పటికప్పుడు బయటికి పంపుకోవాలి. డీజిల్ ఇంజిన్ పక్కన కూర్చోబెడితే ఎక్కడికి పంపుతుంది? మధ్యాహ్నం పొలం నుంచి వచ్చి బానెట్ ఎత్తి లేజర్ థర్మామీటర్ పెడితే, ఖాళీ ఉన్న ఒక్క మూలలోనూ రేకు 80 డిగ్రీలు దాటింది. వెనక సీటు కింద పెడదామంటే ట్విన్ పట్టేంత ఎత్తు లేదు, పట్టినా ఆ మోత క్యాబిన్‌లో భరించలేం. చివరికి వెనక బాడీలో, క్యాబిన్ గోడకు ఆనుకుని డ్రైవర్ వైపు మూలను ఎంచుకున్నాను. నీళ్లకు పైన ఉంటుంది, ఇంజిన్ వేడి తగలదు. రావలసిన చిక్కల్లా దుమ్ము, తీగ పొడవు. ఈ రెండింటికీ ఉపాయం ఉంది, బానెట్ కింది వేడికి లేదు.

పెట్టె చేయించడానికి మా వెల్డింగ్ షాపు భాయ్ దగ్గరికి వెళ్లాను. ముందు అట్టముక్క కోసి బాడీలో పెట్టి చూసి, కంప్రెసర్ కాళ్ల రంధ్రాలు దాని మీద గుర్తు పెట్టుకున్నాం. భాయ్ 3 ఎంఎం రేకు చాలన్నారు. కంప్రెసర్ ఒకటే అయితే చాలేమో గానీ, గతుకుల్లో ఎగిరెగిరి పడే బండిలో బరువు కంటే అదురు పెద్ద శత్రువు. బ్రాకెట్ విరిగేది ఎప్పుడూ వంపు దగ్గరే. అందుకని అడుగు 5 ఎంఎం ప్లేటు, వంపు రెండు చివర్లా మూడు మూలల ఆసరా ముక్కలు వెల్డింగ్ పెట్టించాను. కంప్రెసర్ కాళ్ల కింద రబ్బరు బుష్‌లు, నట్లన్నీ అదురుకు వదులుకాని నైలాక్ రకం. పెట్టె రెండు పక్కలా కిందికి వంగిన చీలికలు కోయించాం, గాలి ఆడుతుంది, వాన కొట్టదు. అడుగున నీళ్లు కారిపోవడానికి చిన్న రంధ్రం. బాడీకి డ్రిల్ వేసిన ప్రతి చోటా వెంటనే జింక్ ప్రైమర్ పూశాం. దుమ్ము కోసం, గాలి పీల్చే ఫిల్టర్‌ను కంప్రెసర్ మీద నుంచి తీసి, గొట్టంతో క్యాబిన్ వెనక గోడ మీద ఎత్తుగా పెట్టాను.

ఇక తీగ. ట్విన్ పని చేసేటప్పుడు 55 ఆంప్స్ దాకా లాగుతుంది. బ్యాటరీ నుంచి వెనక పెట్టెకు తిప్పుకుంటూ వస్తే 5 మీటర్లు, రానూపోనూ 10. 10 చదరపు ఎంఎం రాగి తీగ వేస్తే దారిలోనే దాదాపు 1 వోల్టు పోతుంది. 25 చదరపు ఎంఎం వేస్తే 0.4 వోల్టు దగ్గర ఆగుతుంది. వోల్టేజీ తగ్గితే మోటారు నెమ్మదిస్తుంది, ఇంత పోసి కొన్న గాలి తీగలోనే పోతుంది. ఎలక్ట్రికల్ షాపులో 25 చదరపు ఎంఎం వెల్డింగ్ కేబుల్ దొరికింది, చక్కగా వంగుతుంది. ఎర్త్ కూడా ఛాసిస్‌కు కాకుండా తిరిగి బ్యాటరీకే తెచ్చాను. తీగ కొసలకు తొడిగే లగ్గులను సుత్తితో కొట్టి నొక్కనివ్వలేదు, హైడ్రాలిక్ క్రింపర్ ఉన్న చోటే నొక్కించాను. బ్యాటరీకి జానెడు దూరంలోనే 100 ఆంప్స్ ఫ్యూజు పెట్టాం. ఆ ఫ్యూజు కంప్రెసర్ కోసం కాదు, తీగ కోసం. ఇంత దూరం నడిచే తీగ ఎక్కడ ఒరుసుకుని ఛాసిస్‌కు తగిలినా బండి తగలబడకూడదు. కంప్రెసర్‌తో వచ్చిన 40 ఆంప్స్ ఫ్యూజులు రెండూ పెట్టె దగ్గర వాటి పని అవి చేస్తాయి. కేబుల్ అంతా ముడతల గొట్టంలో దూర్చి, సైలెన్సర్ పైపుకు, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు దూరంగా ఛాసిస్ లోపలి వైపు కట్టాం. రేకులోంచి దూరే ప్రతి చోటా రబ్బరు గ్రోమెట్ వేశాం.

స్విచ్ డాష్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న గడిలో పెట్టాం. చిన్న స్విచ్‌తో పెద్ద కరెంటును కలిపే రిలేకు కరెంటు ఇగ్నిషన్ లైన్ నుంచే ఇచ్చాం, తాళం తీస్తే ఆగిపోతుంది. గాలి పట్టించేటప్పుడు ఇంజిన్ నడుస్తూనే ఉండాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది.

కంప్రెసర్ నుంచి బయటికొచ్చే గాలి చెయ్యి కాలేంత వేడిగా ఉంటుంది. మామూలు ప్లాస్టిక్ గొట్టం నేరుగా తగిలిస్తే మెత్తబడి ఊడుతుంది. అందుకే మొదటి మీటరు స్టీలు అల్లికున్న గొట్టం, ఆ తర్వాతే రబ్బరు గొట్టం, చివర వెనక బంపర్ పక్కన గొట్టం చటుక్కున తగిలించే క్విక్ కప్లర్. మధ్యలో ప్రెజర్ స్విచ్ ఉంది. 150 పీఎస్ఐకి మోటారు ఆపి, 135కి దిగితే మళ్లీ నడుపుతుంది. మరలకు టెఫ్లాన్ టేపు వద్దని పట్టుబట్టి ద్రవ సీలెంట్ పూయించాను. టేపు పీలికలు తెగి వాల్వులో చిక్కుకుంటే లీకు ఎక్కడిదో దొరకదు.

చివరికి సబ్బు నురగ పరీక్ష. లైన్ నింపి ప్రతి జాయింటు మీద బ్రష్‌తో నురగ రాశాం. మూడో ఎల్బో (వంపు జాయింటు) దగ్గర ఆవగింజంత బుడగ లేచి, మెల్లగా శనగగింజంత ఉబ్బి, పగిలి, మళ్లీ లేచింది. ఎంత చిన్న లీకైనా ఇలాగే వదిలేస్తే స్విచ్ వేసి ఉన్నంతసేపూ మోటారు ఊరికే ఆగుతూ నడుస్తూ ఉంటుంది. ఆ ఎల్బో విప్పి, మర తుడిచి, సీలెంట్ మళ్లీ పూసి ఆరనిచ్చాక బుడగ రాలేదు.

ఇప్పుడు ఇసుక దాటి గట్టి నేల ఎక్కగానే ఆగి నాలుగు టైర్లూ నింపుకుని బయల్దేరుతున్నాను. వెనక లోడు ఎక్కువున్న రోజు వెనక టైర్లకు తలుపు మీది స్టిక్కర్ చూసి అంత పట్టిస్తాను. బ్లో గన్ తగిలించి రేడియేటర్ జాలిలో ఇరుక్కున్న గడ్డి ఊదుతున్నాను, రైతుల డ్రిప్ డిస్క్ ఫిల్టర్లూ అదే గాలితో శుభ్రం చేసి ఇస్తున్నాను. ఇది నేను ముందు అనుకోని ఉపయోగం. పీల్చే ఫిల్టర్‌ను మాత్రం దుమ్ము కాలంలో తరచుగా విప్పి దులపాలి, వానాకాలం అయ్యాక బ్రాకెట్ బోల్టులు ఒకసారి బిగించి చూడాలి.

గాలి నిల్వ ఉంచే ట్యాంకు పెట్టించమని చాలామంది అన్నారు. టైర్లు నింపడానికి ట్యాంకు అక్కర్లేదు, అందులోని గాలి కూడా ఇదే మోటారు నింపాలి కదా. రిమ్ము నుంచి ఊడిన టైరు అంచును తిరిగి కూర్చోబెట్టాలంటే గాలి ఒక్క ఉదుటున దూకాలి, అక్కడ పనికొస్తుంది. 15 పీఎస్ఐ కంటే కిందికి దించను కాబట్టి నాకు ఆ అవసరం రాలేదు. రేపు వస్తే 4 లీటర్ల ట్యాంకు పట్టేలా పెట్టె పక్కన చోటు వదిలి, బ్రాకెట్‌కు రెండు రంధ్రాలు ముందే వేయించి ఉంచాను.