ఆటో వైపర్ వచ్చాక మామూలు వైపర్ ఎటు పోయింది?

కొంచెం ఖరీదైన కారు కొనడానికి వెళ్ళినవారికి షోరూములో చదివి వినిపించే సదుపాయాల జాబితాలో, సన్‌రూఫ్‌కూ క్రూజ్ కంట్రోల్‌కూ మధ్య ఎక్కడో ‘రెయిన్ సెన్సింగ్ వైపర్స్’ అనే మాట ఉంటుంది. వాన మొదలవగానే వైపర్లు వాటంతట అవే తిరుగుతాయని, వాన జోరును బట్టి వేగం మార్చుకుంటాయని చెబుతారు. అదే కారు తక్కువ ధర మోడల్‌లో స్టీరింగ్ పక్కనున్న లీవరు మీద ‘ఐఎన్‌టీ’ (ఇంటర్‌మిటెంట్, అంటే ఆగి ఆగి తిరగడం) అని రాసి ఉన్న చోట, పై మోడల్‌లో ‘ఆటో’ అని రాసి ఉంటుందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. అంటే ఇన్ని సెకన్లకొకసారి వైపర్ తిరగాలని మనమే నిర్ణయించుకునే వీలు తక్కువ డబ్బు పెట్టినవారికి దొరుకుతోంది, ఎక్కువ పెట్టినవారికి పోతోంది. అన్ని కార్లలో ఇలా లేకపోయినా చాలా కార్లలో ఇదే పరిస్థితి. వానను పసిగట్టే యంత్రం ఉండడం మంచిదే. దాని కోసం పాత సదుపాయాన్ని తీసివేయడం ఎందుకు తప్పో చెప్పాలంటే, ముందుగా ఆ యంత్రం ఏం చూస్తుందో, ఏం చూడలేదో తెలుసుకోవాలి.

ముందు అద్దానికి లోపలివైపున, రియర్ వ్యూ మిర్రర్ వెనుక అతికించి ఉండే చిన్న పెట్టెలో ఈ సెన్సర్ ఉంటుంది. అందులోని ఎల్‌ఈడీలు కంటికి కనిపించని పరారుణ కాంతిని అద్దంలోకి ఏటవాలుగా, సుమారు 45 డిగ్రీల కోణంలో పంపుతాయి. అద్దం బయట గాలి మాత్రమే ఉన్నప్పుడు, సుమారు 41 డిగ్రీలు దాటిన కోణంలో వచ్చిన కాంతి బయటికి పోలేక పూర్తిగా వెనక్కి పరావర్తనం చెందుతుంది. అద్దం మీద నీరు ఉన్నప్పుడు ఆ హద్దు సుమారు 61 డిగ్రీలకు పెరుగుతుంది కనుక, 45 డిగ్రీల కోణంలో వచ్చిన కాంతిలో చాలా భాగం చినుకు ఉన్న చోట బయటికి జారిపోతుంది. వెనక్కి రావలసిన కాంతి ఎంత తగ్గిందో లోపలి ఫొటోడయోడ్ కొలుస్తుంది, ఆ తగ్గుదలను బట్టి వైపర్ ఎప్పుడు, ఎంత వేగంతో తిరగాలో ఒక చిప్ లెక్క వేస్తుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకున్న సంపూర్ణాంతర పరావర్తనమే ఇక్కడ పనిచేస్తోంది. ఈ ఆలోచన చాలా అందమైనదని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

అయితే ఇది కొలిచేది అద్దంలో రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దదైన చోట కాంతి ఎంత తగ్గిందనేది మాత్రమే. డ్రైవరుకు కావలసింది తన కళ్ళ ముందున్న భాగం గుండా రోడ్డు స్పష్టంగా కనిపించడం. ఈ రెండూ చాలాసార్లు కలిసే ఉంటాయి, కలవని సందర్భాలు మన వాతావరణంలో మరీ ఎక్కువ.

తుంపరను తీసుకుందాం. గాలికి ఎగిరి వచ్చే సన్నని తుంపర అద్దమంతటా సమానంగా పడదు. డ్రైవరు ముందున్న అద్దం చుక్కలు చుక్కలుగా మసకబారినా, మిర్రర్ వెనుక ఉన్న ఆ కాస్త చోట చాలినంత నీరు చేరేదాకా వైపర్ కదలదు. ఇంకొకసారి సరిగ్గా అక్కడే రెండు పెద్ద చినుకులు పడతాయి, మిగిలిన అద్దమంతా పొడిగా ఉన్నా వైపర్ గబగబా తిరిగేస్తుంది. ఇక కోస్తా జిల్లాల ఉక్కపోతలో ఏసీ గాలిని అద్దం వైపు పెట్టుకుంటే చల్లబడిన అద్దం బయటివైపు, అదీ డాష్‌బోర్డుకు దగ్గరగా ఉండే కింది భాగంలో, తేమ పట్టి తెల్లగా కమ్ముకుంటుంది. సెన్సర్ ఉన్నది పైన. కింద కమ్మిన మసక దాని లెక్కలోకి రాదు. విశాఖ, కాకినాడ వంటి ఊళ్ళలో కారు నడిపేవారికి ఇది బాగా తెలిసిన ఇబ్బంది.

అన్నిటికంటే పెద్ద సమస్య దుమ్ము. ఏడాదిలో ఎక్కువ నెలలు మన కార్ల అద్దాల మీద ఉండేది నీరు కాదు, ధూళి. హైదరాబాదులో ఎక్కడ చూసినా ఏదో ఒక నిర్మాణం జరుగుతూనే ఉంటుంది, ఆ దుమ్ములోని సన్నని ఇసుకలో క్వార్ట్జ్ ఉంటుంది. అది అద్దం కంటే గట్టి పదార్థం. పొడి అద్దం మీద ఆ ఇసుకను వైపర్ రబ్బరు కింద పెట్టి లాగితే విల్లులా వంగిన గీతలు పడతాయి. పగలు అవి కంటికి ఆనవు. రాత్రివేళ ఎదురుగా లారీ హెడ్‌లైట్లు పడ్డప్పుడు ఆ గీతల మీద కాంతి చెదిరి, ఒక్క క్షణం ముందేమీ కనిపించదు. అనుభవమున్న డ్రైవరు అందుకే తొలి చినుకులు పడగానే వైపర్ వేయడు. వాషర్ నీళ్ళు కొట్టిన తరువాత వేస్తాడు, లేకపోతే అద్దం బాగా తడిసేదాకా ఆగుతాడు. సెన్సర్‌కు ఈ ఓపిక లేదు. వేసవి చివర రెండు చినుకులు పడితే చాలు, నెలల తరబడి పేరుకున్న ధూళిని ఒక్క ఊపులో బురదగా మార్చి అద్దమంతా పూసేస్తుంది. పక్షి రెట్ట, పురుగుల మరకలు, అద్దానికి తగిలిన రాయి చీలిక సెన్సర్ చూసే చోటే ఉంటే, వాన లేకపోయినా కాంతి చెదిరి వైపర్ తిరగడం మొదలుపెట్టవచ్చు. నలభై డిగ్రీలు దాటే ఎండలో గట్టిపడిన రబ్బరు పొడి అద్దం మీద కీచుమంటూ తిరిగితే అద్దానికీ రబ్బరుకూ రెంటికీ నష్టమే.

దీనికి సర్వీసు సెంటర్లలో చెప్పే సమాధానం ఒకటే: “లీవరు మీదున్న రింగు తిప్పి తగ్గించుకోండి సార్.” ఆటోలో పెట్టినప్పుడు ఆ రింగు మార్చేది ఒక తుడుపుకూ మరొక తుడుపుకూ మధ్య వ్యవధిని కాదు, సెన్సర్ ఎంత నీటికి స్పందించాలనే హద్దును. దాన్ని తగ్గిస్తే ఒకటి రెండు చినుకులకు అనవసరంగా తిరగడం తగ్గుతుంది కానీ, నిజంగా అవసరమైనప్పుడు ఆలస్యంగా తిరుగుతుంది. పెంచితే దీనికి తలకిందులు. ముసురు పట్టిన రోజున అయిదారు సెకన్లకొకసారి తుడిస్తే చాలు అని మనకు స్పష్టంగా తెలిసినా, ఆ మాట కారుకు చెప్పే దారి లేదు. మిగిలేది నిరంతరాయంగా తిరిగే తక్కువ వేగం ఒక్కటే. ముసురులో అది అవసరానికి మించి తిరిగి అద్దాన్ని ఆరబెట్టేస్తుంది.

తుడుపుకూ తుడుపుకూ నడుమ ఉండే ఈ వ్యవధి అనేది ఎంత కష్టపడి సాధించుకున్న సదుపాయమో తెలిస్తే దాన్ని ఇంత తేలికగా తీసివేయరు. అమెరికాలో మేరీ ఆండర్సన్ చేత్తో తిప్పే వైపర్‌కు పేటెంటు పొందింది 1903లో. ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు వైపర్లు ఆగకుండా తిరగడమో, పూర్తిగా ఆగిపోవడమో తప్ప వేరే తీరు లేదు. డెట్రాయిట్‌లో ఇంజనీరుగా పనిచేసిన రాబర్ట్ కెర్న్స్ 1953లో తన పెళ్ళి రోజు రాత్రి షాంపేన్ బాటిల్ మూత తగిలి ఎడమ కంటి చూపును దాదాపు కోల్పోయాడు. ఆగి ఆగి తిరిగే వైపర్ ఆలోచన తనకు కనురెప్పపాటు నుంచే వచ్చిందని అతను చెప్పేవాడు. ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు, విలువ మార్చగల ఒక రెసిస్టరు, అంతే సరుకు. కెపాసిటరు ఛార్జి కావడానికి పట్టే సమయమే వైపర్ ఆగి ఉండే సమయం. 1964లో దరఖాస్తు చేస్తే 1967లో పేటెంటు వచ్చింది. దాన్ని కార్ల కంపెనీలు వాడుకున్నాయని ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడిన తరువాత, 1990లో ఫోర్డ్ కంపెనీ అతనికి కోటీ రెండు లక్షల డాలర్లు చెల్లించింది. ఆ పరికరం గొప్పతనమంతా ఎంతసేపు ఆగాలో డ్రైవరే చెప్పగలగడంలో ఉంది.

చట్టం కూడా ఇక్కడ కాపాడదు. అమెరికాలో వైపర్లకు సంబంధించిన 104వ భద్రతా ప్రమాణం కనీసం రెండు వేగాలు ఉండాలని, వాటిలో ఒకటి నిమిషానికి కనీసం 45 సార్లు తుడవాలని, తక్కువ వేగం 20 సార్లకు తగ్గకూడదని, రెంటికీ మధ్య కనీసం 15 సార్ల తేడా ఉండాలని చెబుతుంది. ఆగి ఆగి తిరిగే తీరు ఆ వేగాలకు అదనంగా కంపెనీలు ఇచ్చే సౌకర్యం. ఇచ్చినవారు తీసుకుపోతే అడిగే ఆధారం లేదు.

ఇక అద్దం మార్చవలసి వచ్చినప్పుడు మొదలయ్యే కష్టాలు వేరు. విజయవాడ హైవే మీద ముందు వెళ్తున్న టిప్పరు నుంచి ఎగిరిపడిన కంకర రాయికి మా కారు అద్దం పగిలింది. ఇన్సూరెన్సు ఉంది కనుక ఒక వర్క్‌షాపులో కొత్త అద్దం వేయించాము. ఆ మరుసటి వానకే వైపర్ల తీరు మారిపోయింది. జడివానలో బద్ధకంగా, ఎండలో ఉన్నట్టుండి హడావిడిగా తిరగసాగాయి. సెన్సర్ పోయిందని, కొత్తది వేయాలని చెప్పారు. ఎలక్ట్రికల్ పని తెలిసిన మరొక మెకానిక్ ఆ పెట్టెను విప్పి చూస్తే, సెన్సర్‌కూ అద్దానికీ మధ్య ఉండే పారదర్శకమైన జెల్ ప్యాడ్‌ను పాత అద్దం నుంచి ఊడదీసి మళ్ళీ అదే వాడారని, దాని కింద గాలి బుడగలు చిక్కుకున్నాయని తేలింది. కాంతి సెన్సర్ నుంచి అద్దంలోకి నేరుగా ప్రవేశించాలంటే మధ్యలో గాలి ఉండకూడదు, ఉంటే వెనక్కి వచ్చే కాంతి కొలత మొత్తం తప్పుతుంది. కొత్త ప్యాడ్ వేసి, దుమ్ము పడకుండా శుభ్రంగా అతికించగానే సెన్సర్ మునుపటిలా పనిచేసింది. అద్దం మార్చినప్పుడు బిల్లులో కొత్త జెల్ ప్యాడ్ ఉందో లేదో చూసుకోమని, లేకపోతే అడిగి వేయించుకోమని తెలిసినవారందరికీ అప్పటినుంచి చెబుతున్నాను. బయట దొరికే చౌక అద్దాలతోనూ జాగ్రత్త అవసరం. వేడిని ఆపడానికి పూత వేసిన అద్దమైతే సెన్సర్ ఎదురుగా పూత లేని ఖాళీ ఉండాలి, లేకపోతే ఆ పరారుణ కాంతి ప్రయాణమే దెబ్బతింటుంది.

వాటర్ వాష్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండి లీవరు ఆటోలో ఉంటే, పెట్రోలు బంకులో అద్దం మీద తడిగుడ్డ పెట్టినా వైపర్ లేస్తుంది. అద్దం తుడిచే కుర్రవాడి వేళ్ళకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంటుంది. కడిగించే ముందు లీవరును ఆఫ్‌లో పెట్టడం అలవాటు చేసుకోవాలి.

సెన్సర్‌నే తీసివేసి కెమెరాతో పని కానిచ్చే దారిని టెస్లా ఎంచుకుంది. 2016 చివరి నుంచి దాని కార్లలో వానకు ప్రత్యేకమైన సెన్సర్ లేకుండా పోయింది. డ్రైవరుకు తోడ్పడే కెమెరాల బొమ్మలను చూసి వాన పడుతోందో లేదో కంప్యూటరే తేల్చాలి. ఎండలో తిరగడం, రాత్రి తుంపరలో తిరగకపోవడం అనే ఫిర్యాదులు ఆ కార్ల యజమానుల నుంచి ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. దూరంగా ఉన్న వాహనాలను చూడడానికి సరిచేసిన కెమెరాకు తన ముందే అద్దం మీదున్న చుక్క మసకగా తప్ప కనిపించదు, చీకట్లో అదీ కనిపించదు. వైపర్ వేగాన్ని టచ్‌స్క్రీన్‌లోకి మార్చడం వలన వచ్చిన చిక్కు జర్మనీలో కోర్టుదాకా వెళ్ళింది. 2019లో కుండపోత వానలో ఒక టెస్లా డ్రైవరు స్క్రీన్ మీద వైపర్ వ్యవధిని మారుస్తూ రోడ్డు దిగి చెట్లను ఢీకొన్నాడు. అతనికి 200 యూరోల జరిమానా, నెల రోజుల డ్రైవింగ్ నిషేధం పడ్డాయి. 2020లో కార్ల్స్‌రూహె ఉన్నత ప్రాంతీయ న్యాయస్థానం ఆ స్క్రీన్‌ను కూడా చేతిలోని ఫోనులాగే దృష్టి మళ్ళించే ఎలక్ట్రానిక్ పరికరంగా పరిగణించి శిక్షను సమర్థించింది. చట్టం ప్రకారం అది సరైన తీర్పే కావచ్చు. కానీ వానలో వైపర్ వేగం మార్చుకోవడానికి స్క్రీన్ తప్ప వేరే దారి ఇవ్వనివారికి ఆ శిక్షలో భాగం లేకపోవడం నాకు మింగుడు పడదు.

ఆటో మోడ్ బాగా పనిచేసే చోట్లు లేకపోలేదు. హైవే మీద వాన ఒక కిలోమీటరు కురిసి, మరొక కిలోమీటరు ఆగి, మళ్ళీ ముంచెత్తే రోజుల్లో, లారీని దాటుతున్నప్పుడు చక్రాల నీళ్ళు ఒక్కసారిగా అద్దం మీద పడ్డప్పుడు, సెన్సర్ మన చెయ్యి లీవరును చేరేలోపే స్పందిస్తుంది. అక్కడ దాని విలువ నాకు తెలుసు. అందుకే రెండూ కావాలని అడుగుతున్నాను. కొన్ని కార్లలో మెనూలోకి వెళ్ళి రెయిన్ సెన్సర్‌ను ఆపేస్తే లీవరు మళ్ళీ మామూలు వ్యవధి పద్ధతికి వస్తుంది. ఆ వీలు ఉన్న కారు కొనండి. టెస్ట్ డ్రైవ్‌కు వెళ్ళినప్పుడు సీసాలో నీళ్ళు తీసుకువెళ్ళి, బండి ఆపి, ఆటోలో పెట్టి, ముందు డ్రైవరు ఎదుటి అద్దం మీద, తరువాత మిర్రర్ వెనుక భాగం మీద చేత్తో చిలకరింపజేసి వైపర్ ఎప్పుడు కదులుతుందో చూడండి. ఆ తరువాత, ఆటో వద్దనుకుంటే అయిదు సెకన్లకొకసారి తిరిగేలా పెట్టి చూపించమని సేల్స్ అబ్బాయిని అడగండి.

కొత్త కార్ల భద్రతను పరీక్షించి స్టార్ రేటింగులిచ్చే యూరప్ సంస్థ యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి అమల్లోకి తెచ్చిన కొత్త పరీక్షా నియమాల్లో ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, హారన్, అత్యవసర కాల్‌తో పాటు వైపర్లకూ స్క్రీన్‌తో సంబంధం లేని విడి మీటలు ఉండాలని, లేకపోతే మార్కులు తగ్గుతాయని పెట్టింది. 2023 అక్టోబరులో మొదలైన, అటువంటిదే అయిన మన భారత్ ఎన్‌క్యాప్ కూడా ఆ షరతును తీసుకోవాలి. తీసుకునేటప్పుడు ఇంకొక్క మాట చేర్చాలి: లీవరు మీద ఆటో ఉన్న ప్రతి కారులోనూ ఆగి ఆగి తిరిగే వ్యవధిని డ్రైవరే పెట్టుకునే వీలు అదే లీవరు మీద ఉండాలి.