మోకాలి గుజ్జు మళ్లీ పెంచే చికిత్స: ఫిజియోగా నా అనుభవం

నల్లగొండలో నా దగ్గరికి మోకాలి నొప్పితో వచ్చేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "గుజ్జు అరిగిందన్నరు సార్, కణాలు పెడితే మళ్ల పెరుగుతదంట గదా?" కొందరికి పెరుగుతుంది. ఆ కొందరిలో మీరున్నారో లేదో తేల్చడమే దీంట్లో పెద్ద పని.

ముందు నిలబెట్టి తీసిన ఎక్స్‌రే కావాలి. పడుకోబెట్టి తీస్తే బరువు పడదు కాబట్టి అరిగిన కీలు సందు కూడా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. సందు బాగా తగ్గి, ఎముక అంచుల్లో ముళ్లు లేచాయంటే సొంత కణాల చికిత్సకు (మీ గుజ్జులోని కణాలనే తీసి, ల్యాబ్‌లో పెంచి మళ్లీ పెట్టడం) వేళ దాటినట్టే. గుజ్జులో (డాక్టర్లు కార్టిలేజ్ అంటారు) ఒకచోట గుంత పడి, చుట్టూ గట్టి అంచు మిగిలినవాళ్లకే అది పనికొస్తుంది. గుంత సుమారు 2 చదరపు సెంటీమీటర్లు దాటాలి, దానికి ఎదురు ఎముక మీద ఇంకో గుంత ఉండొద్దు. ఇది తేలేది ఎంఆర్‌ఐలోనే.

తర్వాత తుంటి నుంచి చీలమండ దాకా ఒకే ఫిల్ము. కాలు సుమారు 5 డిగ్రీలకు మించి వంకరుంటే బరువంతా ఒకపక్కే పడి, కొత్తగా పెట్టిన కణాలు నలిగిపోతాయి. అలాంటివాళ్లకు ఎముక కోసి వంకర సరిచేయాలి, ముందుగానో అదే ఆపరేషన్‌లోనో. మన దగ్గర దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఫ్లోరైడ్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి రాసుకునే వంకర గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) శాస్త్రవేత్తలు 1973లోనే లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. మర్రిగూడ లాంటి ఫ్లోరైడ్ ఊళ్ల వైపు నుంచి వచ్చినవాళ్లకు మెడ, నడుము కూడా బిగుసుకుని ఉంటే ముంజేతి ఎక్స్‌రే తీయించమంటాను. రెండు ఎముకల మధ్య పొరకు సున్నం పట్టి కనిపిస్తే అది ఫ్లోరైడ్ గుర్తు, నొప్పికి కారణం గుజ్జు ఒక్కటే కాదు. గుంత పూడ్చినా ఆ బిగుతు పోదు.

సొంత కణాల పద్ధతి స్వీడన్‌లో మొదలైంది, 1994లో ఫలితాలు అచ్చయ్యాయి. ఇందులో రెండు ఆపరేషన్లు. మొదటిది చిన్న రంధ్రంలోంచి: బరువు పడని చోటి నుంచి 200 నుంచి 300 మిల్లీగ్రాముల కార్టిలేజ్ గీకి తీస్తారు. దాన్ని ల్యాబ్‌లో కొలాజినేజ్ అనే ఎంజైముతో కరిగిస్తే కణాలు విడిపోతాయి. వాటిని నాలుగైదు వారాలు పెంచుతారు. ఎక్కువ పెంచితే ఎక్కువ గుజ్జు వస్తుందనుకోవద్దు. చదును పాత్రలో పదే పదే విభజించిన కణం సాగి, తన గుణం మరిచి, గుజ్జులో ఉండే టైప్ 2 కొలాజెన్ అనే ప్రొటీన్ బదులు మచ్చలో ఉండే టైప్ 1 చేయడం మొదలుపెడుతుంది.

కణాలు రెడీ అయ్యాయంటే వాటిని గుంతలో పెట్టే రెండో ఆపరేషన్ తేదీ ఇక మార్చడానికి ఉండదు, సిద్ధమైన కణాలు ఎన్నో రోజులు బతకవు. కాబట్టి ఆ వారంలో జ్వరం, పంటి చీము, కాలి మీద సెగ్గడ్డ ఏది వచ్చినా డబ్బంతా నీళ్లపాలే. పంటి డాక్టరును నెల ముందే కలవండి. ఇంట్లో బ్లేడుతో కాలు గీసుకోకండి, గాట్లలోంచే ఇన్ఫెక్షన్ వస్తుంది.

ఒక్క సూదితో అయ్యే రకమూ ఉంది. దాత ఎముక మజ్జలోని మూలకణాలు (స్టెమ్‌సెల్స్) పెంచి తయారుచేసే స్టెంప్యూసెల్ అనే మందుకు 2022లో డీసీజీఐ (దేశంలో మందులకు అనుమతిచ్చే అధికారి) అనుమతి వచ్చింది. గ్రేడ్ 2, 3 (మధ్యస్థం దాకా) అరుగుదలకు 2.5 కోట్ల కణాలు ఎక్కిస్తారు. నొప్పి తగ్గడం, గుజ్జు మందం పెరగడం రెండూ ఒకటి కావు. స్ప్రిఫెర్మిన్ అనే మందుతో 2019లో వచ్చిన ఫలితాల్లో రెండేళ్లకు గుజ్జు మందం మందు లేని సూది వేసినవాళ్ల కంటే 0.05 మిల్లీమీటర్లు ఎక్కువుంది, నొప్పిలో మాత్రం తేడా లేదు. పీఆర్‌పీని (మీ రక్తం నుంచే తీసి ఎక్కించే ప్లేట్‌లెట్ల ద్రవం) 2021లో వచ్చిన ఆస్ట్రేలియా పరీక్షలో 288 మందిలో ఉప్పునీటి సూదితో పోల్చి చూస్తే నొప్పిలో గానీ గుజ్జులో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అదే పీఆర్‌పీని స్టెమ్‌సెల్స్ అని అమ్మేవాళ్లూ ఉన్నారు. ఎవరైనా "ట్రయల్" అంటే సీటీఆర్‌ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు, తెలుగులో రాసిన సమ్మతి పత్రం కాపీ అడగండి. అవి ఇవ్వకుండా డబ్బు అడిగితే లేచి వచ్చేయడమే.

ఆపరేషన్ అయ్యాక నా పని మొదలవుతుంది. తొడ ఎముక అడుగున కణాలు పెట్టినవాళ్లు ఆరు వారాలు కాలి వేళ్లు నేలకు తాకించడమే, బరువు వేయొద్దు. హైదరాబాద్ నుంచి తిరిగి రావడానికి బస్సు వద్దు, కారు వెనక సీట్లో కాలు చాపి రావాలి. కాలిని తనంతట తానే మెల్లగా వంచి చాపే సీపీఎం మెషిన్ అద్దెకు దొరుకుతుంది: మొదట 0 నుంచి 40 డిగ్రీల దాకా, రోజుకు ఆరు గంటలు, రాత్రిదీ కలుపుకుని. నొప్పి లేకపోతే రోజుకు ఐదేసి డిగ్రీలు పెంచుతాను. ఇంటికొచ్చే ముందే కమోడ్ కుర్చీ కొనిపెట్టుకోవాలి. సక్లముక్లం కూర్చోవడం, గొంతుకూర్చోవడం, నాట్లకు వంగడం సర్జన్ ఒప్పుకునేదాకా లేవు. పరుగు, దూకడం ఏడాది దాటాకే.

మూడో నెలలో నొప్పి తగ్గి పొలానికి పోతామంటారు. అప్పటికి పెరిగినది ఇంకా మెత్తగానే ఉంటుంది, గట్టిపడటానికి ఏడాది పైనే. ఆరేడు నెలలకు మోకాలు టక్కుమని పట్టేస్తుంటే నూనె మర్దన చేయించకండి. పెట్టింది హద్దు దాటి పెరిగో, అంచు లేచో ఉండొచ్చు. మళ్లీ ఎంఆర్‌ఐ తీసి సర్జన్‌కు చూపించాలి.