అటకెక్కిన చాపలు

కొర్లగుంటలోని మా ఇంటి అటక మీద పన్నెండు చాపలు, పాత చీరలతో అమ్మ కుట్టిన బొంతలు ఏడో ఎనిమిదో ఉన్నాయి. నా చిన్నతనంలో వాటికి అటకెక్కే తీరిక ఉండేది కాదు. తిరుపతిలో కాపురముంటే కొండకు వచ్చే ప్రతి బంధువూ ముందు మన గడపే తొక్కుతాడు. నెల్లూరు నుంచో కర్నూలు నుంచో వచ్చినవాళ్లు రైలు దిగి, నలుగురిని దారి అడుగుతూ ఇల్లు చేరి, స్నానాలు చేసి, అమ్మ కట్టిచ్చిన పులిహోర పట్టుకొని కొండెక్కేవారు. దర్శనం ఎప్పుడవుతుందో తెలియదు కనుక, తిరిగి ఎప్పుడు దిగుతారో వాళ్లూ చెప్పలేరు, మేమూ అడిగేవాళ్లం కాదు.

ఇప్పుడు 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను దేవస్థానం నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తోంది. కొండ మీద గది కూడా ఫోన్లోనే దొరుకుతుంది. తేదీ, గంట ముందే తెలిసిన మనిషికి మధ్యలో ఆగే ఇల్లు అక్కరలేదు. ఫోను చూపిన దారిలో కారు నేరుగా అలిపిరికే పోతుంది. మా చిన్నాన్న కొడుకు కుటుంబంతో వచ్చి వెళ్లిన సంగతి నిరుడు వాట్సాప్ స్టేటస్ చూశాకే మాకు తెలిసింది. అమ్మ ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, పిల్లవాడి గుండును చాలాసేపు చూసి, "చెవులు అచ్చం మీ తాతవే" అని మాత్రం అన్నది.

పాత రోజులన్నీ బాగున్నాయని నేను అనను. దర్శనం చేయిస్తామని వెంటపడే దళారులు తగ్గితే ఎవరికీ బెంగ లేదు. ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు అమ్మ వంటిల్లు దాటి బయటికి రాలేదన్న సంగతిని, ఆ సందడిని తీయగా తలచుకునే మా మగవాళ్లం సులువుగా మరిచిపోతాం.

2016లో స్మార్ట్ సిటీల జాబితాకెక్కిన ఈ ఊళ్లో ఇప్పుడు యాత్రికులు రెండు తెగలయ్యారు. స్లాటు ఉన్నవాళ్లకు తిరుపతి అంటే కారు అద్దంలోంచి కనబడే ఊరు. లేనివాళ్లు ఉచిత దర్శనం టోకెన్ల కోసం రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న విష్ణునివాసంలోనో, బస్టాండు ఎదుటి శ్రీనివాసంలోనో వరుస కడతారు. పక్కవాడి సంచికి కాపలా కాయడం, ఏ ఊరని అడగడం ఇంకా మిగిలింది ఆ వరుసల్లోనే.

మా పక్కింటి అవ్వకు ఓటీపీ చదవడం రాదు. టికెట్లు విడుదలయ్యే ఉదయం ఆధార్ కార్డు కొంగున ముడేసుకొని మా వరండాలో కూర్చుంటుంది. మొన్న నా వంతు వచ్చేసరికి ఆమె అడిగిన తేదీలన్నీ అయిపోయాయి. "పోనీలే నాయనా, వచ్చే నెల మళ్లా చూద్దాం" అని ఆమె లేవబోతుంటే, అమ్మ కాఫీ తాగి పొమ్మని చేయి పట్టుకొని కూర్చోబెట్టింది.