జీగెన్‌లో బీ మీసాన్ లెక్కలు

జర్మనీలో జీగెన్ అనే చిన్న ఊళ్లో పోస్ట్‌డాక్‌ చేస్తున్నాను. బాటమ్ క్వార్క్ అనే మూలకణం ఉండే బీ మీసాన్, పుట్టిన సుమారు ఒకటిన్నర పికోసెకన్లకే (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లో వంతు) విడిపోతుంది. అందులోంచి ఒక కేయాన్ (స్ట్రేంజ్ క్వార్క్ ఉండే కణం), రెండు మ్యువాన్లు (ఎలక్ట్రాన్ లాంటివే, కానీ బరువైనవి) ఎంత అరుదుగా వస్తాయో ముందే లెక్కగట్టడం మా పని. కొలిచేది జెనీవా దగ్గర సెర్న్‌లోని ఎల్‌హెచ్‌సీబీ అనే ప్రయోగం వాళ్లు.

బాటమ్ క్వార్క్ స్ట్రేంజ్ క్వార్క్‌గా మారడం వరకు లెక్క బాగానే సాగుతుంది. ఆ లెక్క మూలంలో ఉన్న వీ మైనస్ ఏ సూత్రం (కణాలు ఇలా మారడానికి కారణమైన బలహీన బలం ఎలా పనిచేస్తుందో చెప్పేది) కేరళలో పుట్టి అమెరికాలోని రోచెస్టర్‌లో చదివిన సుదర్శన్, తన గైడ్ మార్షక్‌తో కలిసి 1957లో కనిపెట్టింది. ఆ సూత్రం రాసుకున్న ప్రతిసారీ నాకు ఆయన గుర్తొస్తారు.

అసలు చిక్కు ఏంటంటే, క్వార్క్ ఎప్పుడూ ఒంటరిగా ఉండదు, గ్లువాన్లు అనే కణాలు దాన్ని మిగతా క్వార్కులతో బిగించి పట్టుకుంటాయి. ఆ పట్టు ప్రభావాన్నంతా ఫామ్ ఫ్యాక్టర్లు అనే అంకెల్లో పెడతాం. కేయాన్ నెమ్మదిగా వచ్చే చోట స్థలకాలాన్ని గళ్లుగా కోసి సూపర్‌కంప్యూటర్ మీద చేసే లాటిస్ లెక్క గట్టిది. వేగంగా వచ్చే చోట సమ్ రూల్స్ అనే ఉజ్జాయింపు పద్ధతి మీద ఆధారపడతాం. రెండింటినీ ఒకే గీతలో కలపాలి. మధ్యలో చార్మ్ క్వార్కులు క్షణకాలం పుట్టి మాయమయ్యే చార్మ్ లూపు మరీ మొండిది, అచ్చం ఇప్పటి సిద్ధాంతానికి అందని కొత్త భౌతికశాస్త్రంలాగే కనిపిస్తుంది.

గ్రూప్ మీటింగ్‌లో నా జవాబు ఎంతో ఎవరూ అడగరు. "ఈ పది శాతం ఎర్రర్ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంటారు. మాస్టర్స్ కుర్రాడు కూడా మొహమాటం లేకుండా ప్రొఫెసర్‌నే నిలదీస్తాడు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది.

బీ మీసాన్ కేయాన్‌తో పాటు మ్యువాన్లు ఇచ్చే రేటుకీ, ఎలక్ట్రాన్లు ఇచ్చే రేటుకీ నిష్పత్తి 0.846 అని 2021 మార్చిలో ఎల్‌హెచ్‌సీబీ ప్రకటించింది. సిద్ధాంతం ప్రకారం అది దాదాపు 1 ఉండాలి. భిన్నంలో పైనా కిందా ఒకే ఫామ్ ఫ్యాక్టర్లు ఉండి కొట్టుకుపోతాయి కాబట్టి అక్కడ మా ఎర్రర్ దాదాపు ఒక శాతమే. 2022 డిసెంబర్‌లో, వేరే కణాలు ఎలక్ట్రాన్లుగా లెక్కలో కలిశాయని తేలాక, నిష్పత్తి 1కి సరిపోయింది. ఈ రంగంలో చాలామంది నిరాశపడ్డారు. నాకైతే లెక్క మీద నమ్మకం పెరిగింది. మ్యువాన్ల రేటు మాత్రం ఇంకా మా అంచనా కంటే తక్కువే. చార్మ్ లూపు అడ్డుపడేది సరిగ్గా అక్కడే.

నా వీసా కాంట్రాక్టుతో ముడిపడి ఉంది. శరదృతువు వస్తే అప్లికేషన్ల టెన్షన్ మొదలు. లాటిస్ వాళ్ల కొత్త అంకెలు వచ్చేసరికి నేను ఇక్కడ ఉండకపోవచ్చు. అందుకే వాటిని ఎక్కడ పెట్టాలో, ఏ ఎర్రర్ ఎందుకు వేశానో కోడ్‌లో లైను లైనుకీ రాసి పెడుతున్నాను.