జర్మన్‌కి నాకు ఇంగ్లీషు అడ్డమైంది, తెలుగు తోడైంది

నేను నల్లగొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బీ2 స్థాయి భాష అడుగుతారు. దానికి ముందు ఏ1, ఏ2, బీ1 దాటాలి.

మొదట ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను. మూడు నెలల్లో బీ1 అన్నారు. నాయిన పత్తి అమ్మిన పైసల్లోంచి ఫీజు కట్టాడు. పాఠమంతా ఇంగ్లీషులోనే. జర్మన్ వాక్యాన్ని ఇంగ్లీషులోకి, అక్కడినుంచి తెలుగులోకి తెచ్చుకునేసరికి సారు మూడో వాక్యంలో ఉండేవారు. నలభై మందిలో మాట్లాడే వంతు వారానికి ఒకసారి వస్తే ఎక్కువ. మూడు నెలలు అయిపోయాయి, నేను ఏ2 దగ్గరే ఆగిపోయాను. ఆ పైసలు తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

ఒక రాత్రి డ్యూటీలో జ్వరంతో ఉన్న ఒక పెద్దాయన దుప్పటి గదవ దాకా లాక్కుని, ‘నాకు సలిపెడ్తున్నది బిడ్డా’ అన్నాడు. టెంపరేచర్ రాసుకుంటుంటే ఆ ‘నాకు’ దగ్గర నా మనసు ఆగింది. ఇదే మాటను ఇంగ్లీషు లెక్కన ‘ఇష్ బిన్ కాల్ట్’ అని రాసి తప్పు పెట్టించుకున్నాను. అలా అంటే దయలేని మనిషినని చెప్పుకున్నట్టు ఉంటుందట. జర్మన్లు అనేది ‘మీర్ ఇస్ట్ కాల్ట్’. మీర్ అంటే ‘నాకు’! తల తిరిగితే ‘మీర్ ఇస్ట్ ష్విండ్లిష్’, అక్కడా ‘నాకు’. ‘నీకు సాయం చేస్తాను’లోని ‘నీకు’ కూడా అచ్చం అలాగే ‘డీర్’. ‘ఎందుకంటే’ అనే అర్థమున్న ‘వైల్’తో కారణం చెబితే క్రియ మన తెలుగులోలాగే వాక్యం చివరికి పోతుంది.

ఆ తెల్లారే కొత్త నోట్‌బుక్ తీసి ఎడమ పేజీలో తెలుగు, కుడి పేజీలో జర్మన్ రాయడం మొదలుపెట్టాను. ఇంగ్లీషుకు చోటివ్వలేదు. అన్నిటికీ తెలుగు పనికిరాదు. జర్మన్‌లో ప్రతి నామవాచకం ముందు దాని లింగం చెప్పే డెర్, డీ, దస్‌లలో ఒకటి వస్తుంది. చెంచాకు డెర్, ఫోర్కుకు డీ, కత్తికి దస్ ఎందుకో మన భాష చెప్పలేదు, పదంతో పాటు బట్టీ పట్టాల్సిందే. పదాలకు యాప్ మంచిదే గానీ నాకు దానితో మాట రాలేదు. వినడానికి జర్మనీ ప్రసార సంస్థ డాయిచ వెలె వాళ్ల ‘నికోస్ వేగ్’ పాఠాలు ఉచితం, బీ1 దాకా ఉంటాయి. వాటినే ఒక్కో వాక్యం ఆపి, పైకి అనుకుంటూ చూశాను.

నేను రాసిన గోథే సంస్థ బీ1 పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగు భాగాలు, ఒక్కోదాంట్లో వందకు 60 రావాలి. మూడు పాసయ్యాను. వినడంలో 53. అంకెలే ముంచాయి. జర్మన్‌లో 85ను ‘ఐదూ ఎనభై’ అన్నట్టు చెబుతారు, నేను 58 అని రాశాను. బీపీ రాసేచోట ఈ తప్పు చేస్తే ఏమవుతుందో నర్సుకు వేరే చెప్పాలా.

దీనికి దారి చూపింది మా తాత. నైజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి, ఇప్పటికీ లెక్కలన్నీ ఉర్దూలోనే. నా గోడు విని, ‘గదేముంది బిడ్డా, ఇక్కీస్‌ల ఏక్ ముందల లేదా?’ అన్నాడు. నిజమే, ఇక్కీస్ అంటే 21, ఉర్దూలోనూ ఒకట్లే ముందు! నెల రోజులు సాయంత్రంపూట మంచం మీద కూర్చుని తాత 85ను ‘పచాసీ’ అనేవాడు, నేను ‘ఫ్యున్ఫ్‌ఉంట్‌ఆఖ్ట్‌సిష్’ అనేదాన్ని. మధ్యలో 58ని ‘అఠావన్’ అని తికమక పెట్టాలని చూసేవాడు. వినే భాగం ఒక్కటే మళ్లీ రాయొచ్చు, రాశాను. 73 వచ్చాయి.

ఇప్పుడు బీ2కి శని, ఆదివారాలు బస్సులో హైదరాబాద్ పోతున్నాను, పోనూ రానూ రెండొందల కిలోమీటర్లు. ఈసారి ముందే పైసలు కట్టలేదు. ఒక క్లాసు కూర్చుని చూస్తానని అడిగాను. పన్నెండు మందే ఉన్నారు. గంటన్నరలో నాకు మాట్లాడే వంతు ఎన్నిసార్లు వచ్చిందో నోట్‌బుక్ అంచున గీతలు పెట్టుకున్నాను. తొమ్మిది గీతలు. బయటికొచ్చి ఫీజు కట్టేశాను.