బాపు నంబర్ నుంచి వచ్చిన ఫైలు

మా బాపుకు వాట్సాప్‌లో ఫొటో పంపడం కూడా రాదు. వాయిస్ మెసేజ్ పెడతాడు, అంతే. అందుకే 2025 ఫిబ్రవరి రెండో వారంలో ఒక సాయంత్రం మా ఇంటి గ్రూపులో ఆయన నంబర్ నుంచి ఫైలు వచ్చిపడగానే నాకు గుండెలో రాయి పడింది. ఫైలు పేరు 'పీఎం కిసాన్ యోజన'. చివర చుక్క పెట్టి ఏపీకే అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు. కింద రెండు ముక్కల తెలుగు: "మీ 19వ విడత సొమ్ము ఆగకుండుటకు ఈ అప్లికేషన్ స్థాపించండి. రేపే ఆఖరు తేదీ." యాప్‌ను స్థాపించమని మన ఊళ్లో ఎవరంటారు?

అంతలోనే మేనత్త ఫోన్. "మీ బాపు నాకేదో పంపిండు, నొక్కాల్నా?" అంది. ముట్టుకోకత్తా అని చెప్పి వెంటనే బాపుకు ఫోన్ కలిపాను. నా కాల్ లాగ్‌లో ఆ టైమ్ ఇప్పటికీ ఉంది, 7:40.

"నేనేం పంపలే బిడ్డా" అన్నాడు. నేను అరిచాను. ఏం నొక్కినవ్, ఎవరు పంపిన్రు, ఎన్నిసార్లు చెప్పిన నీకు అని ఒకటే తిట్లు. నేను అరిచినకొద్దీ ఆయన నోరు మూసుకున్నాడు. ఫోన్ అవతల టీవీ చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. చివరికి అమ్మ ఫోన్ లాక్కుని చెప్పింది. మా వాడకట్టులోని కాక ఒకాయన నంబర్ నుంచి ఆ ఫైలు వచ్చిందట, తెలిసినాయనే కదా అని తెరిచాడట, అది కార్డు నంబర్ అడిగితే ఇచ్చాడట. ఈ రెండు వాక్యాలు బయటికి రావడానికి 6 నిమిషాలు పట్టింది.

తర్వాత స్టేట్‌మెంట్ చేతికొచ్చాక చూశాను. 7:38కి 40,000. 7:41కి 25,000. 7:46కి 20,000. మొదటిది నేను ఫోన్ చేయకముందే పోయింది. మిగతా రెండూ నేను తిడుతున్నప్పుడు పోయాయి. ఈ సంగతి రాయడానికి నాకు చాలా కష్టంగా ఉంది, కానీ మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే నేను చేసిన పని మాత్రం చేయకండి. ఆ నిమిషంలో పెద్దవాళ్లను భయపెడితే అసలు విషయం దాచేస్తారు.

అది పత్తి డబ్బు. పరకాల దగ్గర మా ఊరు. ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 7,521. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కేంద్రంలో 18 క్వింటాళ్లు అమ్మితే లక్షా ముప్పై అయిదు వేల దాకా వచ్చింది. అందులోంచే విత్తనాలు, మందుల షాపు బాకీ కట్టాలి. పీఎం కిసాన్ కింద వచ్చేది ఏడాదికి 6,000, అదీ మూడు విడతలుగా. 2,000 ఆగిపోతుందేమోనని భయపడి చేసిన పని ఇది. అసలైతే బాపు ఈ-కేవైసీ రెండేళ్ల కిందే మీసేవలో వేలిముద్ర వేసి అయిపోయింది. ఆయన మరిచిపోయాడు.

ఆ యాప్ ఎలా పనిచేసిందో తర్వాత ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాను. తెరవగానే ఆకుపచ్చ పేజీ, పైన వరి కంకి బొమ్మ. పేరు, ఆధార్ నంబర్, ఆ తర్వాత "ఖాతా సరిచూడటానికి ఒక్క రూపాయి కట్టండి" అని ఏటీఎం కార్డు నంబర్, గడువు తేదీ, వెనకాల ఉండే మూడంకెలు. దానికంటే ముందు, ఇన్‌స్టాల్ చేసేటప్పుడే, ఎస్సెమ్మెస్‌లు చదవడానికి అనుమతి అడిగింది. బాపు 'అలో' అని కనపడిన ప్రతిచోటా నొక్కుకుంటూ పోయాడు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు వాళ్లు, టీవీ వాళ్లు, నేను ఏళ్లుగా చెబుతూనే ఉన్నాం. బాపు ఎవరికీ చెప్పలేదు. ఆయనకసలు ఓటీపీ కనపడనే లేదు. యాప్ దాన్ని చదివి అటు నుంచి అటే పంపేసింది. అందుకే ఇప్పుడు మా వాళ్లకు ఓటీపీ సంగతి చెప్పేముందు ఇంకో మాట చెబుతున్నాను: వాట్సాప్‌లో వచ్చిన ఏ ఫైలు చివర ఏపీకే అని ఉన్నా, అది పెళ్లిపత్రిక అయినా, బండి చలానా అయినా, బ్యాంకు కేవైసీ అయినా, సొంత అన్నదమ్ములే పంపినా తెరవొద్దు. పంపింది వాళ్లు కాదు, వాళ్ల ఫోన్‌లోకి దూరింది.

సరే, ఆ రాత్రి. ముందు బాపు ఫోన్ పూర్తిగా ఆపేయించాను. అమ్మ దగ్గరున్న చిన్న ఫోన్‌ను కాన్ఫరెన్స్‌లో పెట్టి బ్యాంకు హెల్ప్‌లైన్‌కు చేశాను. తెలుగుకు ఇది నొక్కండి, కార్డుకు అది నొక్కండి అంటూ మనిషి లైన్‌లోకి వచ్చేసరికి పది నిమిషాలు. కార్డు బ్లాక్ చేయమన్నాను. చివరి లావాదేవీలు చదివి వినిపించమని అడిగి మొత్తం, టైమ్, రిఫరెన్స్ నంబర్లు కాగితం మీద రాసుకున్నాను. ఫిర్యాదు నంబర్ చెప్పినప్పుడు టైమ్ 8:02. ఆ టైమ్‌ను కూడా పక్కనే రాసుకున్నాను, ఎందుకు రాశానో అప్పటికి నాకే తెలియదు.

వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేశాను. రెండుసార్లు బిజీ, మూడోసారి కలిసింది. తెలుగులోనే మాట్లాడారు. బాధితుడి పేరు, ఫోన్ నంబర్, ఏ బ్యాంకు, ఖాతా నంబర్, ఎంత పోయింది, ఎన్నింటికి పోయింది, రిఫరెన్స్ నంబర్లు. ఇవన్నీ చేతిలో ఉంటే పని అయిదు నిమిషాలే. బాపు ఫోన్ దొంగల చేతిలో ఉన్నట్టే కాబట్టి ఎస్సెమ్మెస్‌లు నా నంబర్‌కు పంపమన్నాను. అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్ వచ్చింది, 24 గంటల్లో సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పూర్తి వివరాలు నింపమని సూచన కూడా.

1930కి ఎందుకంత తొందర అంటే, మనం ఫోన్ చేయగానే ఆ డబ్బు ఏ బ్యాంకుకు, ఏ వాలెట్‌కు వెళ్లిందో అక్కడికి ఫిర్యాదు చేరుతుంది. అక్కడ ఇంకా మిగిలి ఉన్నంత హోల్డ్‌లో పెడతారు. ఇంకో ఖాతాకు దాటిపోయి ఉంటే ఫిర్యాదు ఆ ఖాతా వెంట పోతుంది. కేంద్ర హోంశాఖ కింద పనిచేసే సైబర్ నేరాల సమన్వయ కేంద్రం, ఐ4సీ, 2021 నుంచి నడుపుతున్న ఏర్పాటు ఇది. ఏటీఎంలో నోట్లు బయటికి వచ్చాయంటే ఇక పట్టుకోవడం చాలా కష్టం. దొంగలు పరుగెత్తేది ఆ నోట్ల కోసమే, మనం పరుగెత్తాల్సింది అంతకంటే ముందు.

పోర్టల్‌లో వివరాలు నింపి స్క్రీన్‌షాట్లు ఎక్కించేసరికి రాత్రి పదకొండు దాటింది. తెల్లారి మొదటి బస్సుకు ఊరికి బయల్దేరాను.

బాపు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రాత్రి తినలేదని అమ్మ చెప్పింది. నన్ను చూసి "పైసలన్నీ పోయినయా బిడ్డా" అన్నాడు. అన్నీ పోలేదు బాపూ, కొన్ని ఆగినయ్ అన్నాను. నిజానికి ఎంత ఆగిందో అప్పటికి నాకూ తెలియదు.

ఫోన్ తెరిచి చూస్తే స్క్రీన్ మీద ఆ యాప్ గుర్తు లేదు. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాలో దొరికింది, అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే పని చేయలేదు. ముందు దాని పేజీనీ, వచ్చిన మెసేజ్‌నూ నా ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకున్నాను. కాల్స్ ఎక్కడికైనా మళ్లించారేమోనని ##002# కొట్టి అన్నీ రద్దు చేశాను. తర్వాత ఫోన్ మొత్తం రీసెట్ చేశాను. మనవడి ఫొటోలు పోతాయని బాపు బాధపడ్డాడు. అవి నా దగ్గర ఉన్నాయి.

ఆ ఫైలు పంపిన కాక ఇంటికి కూడా వెళ్లాను. మీ ఖాతా చూసుకున్నారా అని అడిగితే "మాదేం పోలే బిడ్డా, అంతా మంచిగనే ఉంది" అన్నాడు. ఫోన్ మాత్రం చూపించలేదు. మా వల్లే మీకిట్లయింది అనుకుంటున్నాడేమోనని నేను ఎక్కువ అడగలేదు.

బ్రాంచిలో పని అంత తేలిగ్గా కాలేదు. స్టేట్‌మెంట్ తీయిస్తే నాలుగో లావాదేవీ బయటపడింది. 9,500, టైమ్ 8:05. అంటే మొత్తం 94,500. అక్కడి అధికారి కాగితం చూడకుండానే "కార్డు వివరాలు మీరే ఇచ్చారు కదమ్మా, మేమేం చేస్తాం" అన్నారు. ఆయన మాట సగం నిజం. రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు పొరపాటున వివరాలు ఇచ్చేస్తే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది ఆయన నష్టమే. కానీ చెప్పిన తర్వాత పోయిన ప్రతి రూపాయి బ్యాంకు భరించాలి. మేం చెప్పింది 8:02కి. అదే రాసి, ఫిర్యాదు నంబర్ వేసి, అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకున్నాను. ముద్ర వేయడానికి కూడా వెనకాడారు. వేసేదాకా కౌంటర్ దగ్గరే నిలబడ్డాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు పోతామని అర్జీ చివర రాశాను. దానికి పైసా ఖర్చు లేదు, ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు. అంతదాకా పోనివ్వలేదు, మూడో వారంలో 9,500 ఖాతాలో పడ్డాయి.

ఆ మధ్యలోనే, 24వ తేదీన, పీఎం కిసాన్ 19వ విడత 2,000 కూడా పడింది. బాపు ఆ మెసేజ్ నాకు చూపించి ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లిపోయాడు.

మార్చిలో ఇంకొకటి జరిగింది. మాలాంటి వాళ్లందరికీ తప్పకుండా తెలియాల్సిన విషయం ఇది. అమ్మకు ఫోన్ వచ్చింది, సైబర్ సెల్ నుంచి అని. బాపు పేరు, బ్యాంకు పేరు, ఎంత పోయిందో కూడా సరిగ్గా చెప్పారట. "మీ డబ్బు దొరికింది, కోర్టు ఫీజు 2,500 కడితే సాయంత్రానికల్లా వేస్తాం" అన్నారట. అమ్మ కట్టడానికి సిద్ధమై, ఎందుకో నాకు చెప్పి కడదామని ఆగింది. అదీ దొంగలే. ఒకసారి మోసపోయినవాళ్ల వివరాలు వాళ్ల దగ్గర ఉంటాయి, మళ్లీ వస్తారు. పోయిన డబ్బు ఇప్పించడానికి పోలీసులు గానీ బ్యాంకు గానీ ఫోన్‌లో డబ్బు అడగరు. ఆ నంబర్‌ను టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలో, మోసం కాల్స్ గురించి చెప్పే 'చక్షు' విభాగంలో రిపోర్ట్ చేశాను.

హోల్డ్‌లో ఉన్న డబ్బు దానంతట అది తిరిగి రాదని నాకు అప్పటిదాకా తెలియదు. అప్పట్లో, 2025లో, కోర్టు చెబితేనే ఆ బ్యాంకు వదిలేది. పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం సీఆర్‌పీసీలో 457, 2024 జులై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 503 సెక్షన్ కింద అర్జీ పెట్టుకోవాల్సి వచ్చింది. పోలీసు స్టేషన్‌లో అడిగితే లెక్క తేలింది. 40,000లో 25,500 ఇంకో రాష్ట్రంలో ఏటీఎం నుంచి తీసేశారు, 14,500 ఆగింది. 25,000 ఎవరిదో క్రెడిట్ కార్డు బిల్లుకు కట్టేశారు, ఏమీ మిగల్లేదు. 20,000 వాలెట్‌లో కదలకుండా ఉంది. మొత్తం 34,500 హోల్డ్.

తెలంగాణలో ఇలాంటి అర్జీలను లోక్ అదాలత్‌లో తేలుస్తున్నారు, లాయర్ ఫీజు లేకుండా పని అవుతుందని స్టేషన్‌లోనే చెప్పారు. అక్నాలెడ్జ్‌మెంట్ కాపీ, స్టేట్‌మెంట్, ఆధార్, పాస్‌బుక్ మొదటి పేజీ, అన్నీ రెండేసి జిరాక్సులు. మా తేదీ సెప్టెంబర్ 13 అని వచ్చింది. మధ్యలో రెండుసార్లు సంతకం సరిపోలేదని తిరగాల్సి వచ్చింది. బాపు పాస్‌బుక్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా పెడతాడు.

ఆ రోజు హనుమకొండ కోర్టులో వరుసలో మా ముందు ఒక కుర్రాడు నిలబడ్డాడు. బీటెక్ చదివాడు. టెలిగ్రామ్‌లో పార్ట్‌టైమ్ పని అని వీడియోలకు లైకులు కొట్టించి, మొదట్లో రోజుకు 150, 300 నిజంగానే ఇచ్చి, తర్వాత ప్రీపెయిడ్ టాస్క్ పేరుతో కట్టించుకుంటూ పోయారట. మా వెనక ఒక రిటైర్డ్ టీచరమ్మ. వీడియో కాల్‌లో పోలీసు డ్రెస్ వేసుకున్నవాడు 'డిజిటల్ అరెస్ట్' చేశామంటే భయపడి పెన్షన్ డబ్బు పంపించిందట. డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదని తర్వాత తెలిసిందని చెబుతూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బాపు వాళ్లిద్దరి మాటలూ విన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో, ఆ ఏడు నెలల్లో మొదటిసారి, తనంతట తానే ఆ రోజు సంగతి ఎత్తాడు. "సదువుకున్నోళ్లకు కూడా అయితదా బిడ్డా" అన్నాడు.

అక్టోబర్‌లో 34,500 ఖాతాలో పడ్డాయి. 50,500 పోయినట్టే. మందుల షాపు బాకీలో కొంత కట్టాం, మిగతాది ఈ ఏడు పత్తి మీద.

ఆ విషయం వాడకట్టంతా తెలిసింది. రెండు రోజులకు సాయంత్రం కాక మా ఇంటికి వచ్చాడు. చాలాసేపు వానల గురించి మాట్లాడి, లేవబోతూ, "మాక్కూడా వస్తదా బిడ్డా?" అని అడిగాడు. అప్పుడు చెప్పాడు. ఆ ఫిబ్రవరిలోనే, బాపు కంటే ఒకరోజు ముందు, ఆయనకు 18,000 పోయాయి. కోడలికి గానీ కొడుక్కి గానీ చెప్పలేదు. అందరూ నవ్వుతారని. ఆ ఒక్కరోజులో ఆయన ఎవరికైనా చెప్పి ఉంటే ఆ ఫైలు మా బాపు దాకా వచ్చేది కాదేమో. ఆ మాట నేను ఆయనతో అనలేదు, బాపు కూడా అనలేదు. బాపు లేచి లోపల్నుంచి కుర్చీ తెచ్చి నా పక్కన వేసి, కాకను కూర్చోమన్నాడు.

నా ఫోన్‌లోనే పోర్టల్ తెరిచి ఆయన ఫిర్యాదు నింపాం. పాస్‌బుక్ ఎంట్రీ చూసి తేదీ, టైమ్ బాపే చదివి చెప్పాడు. వారం తర్వాత స్టేషన్‌కు వెళ్లి అడిగాం. హోల్డ్ అయిన మొత్తం దగ్గర సున్నా ఉంది.